నూకిన్నంట

గోదావరిఖనిలో ఆ ఏడాది, అంటే 2084లో, జ్వరమొచ్చి బడికి పోని పిల్లకు కూడా ముద్ర కావాల్సి వచ్చేది. పిల్లను వీధి చివరి పెట్టె ముందు కూర్చోబెట్టి తలకు టోపీ తగిలించాలి. "నాకు జ్వరం వచ్చింది" అని పిల్ల పలకాలి. పచ్చదీపం వెలిగితే ఆ మాట చక్కటి అక్షరాల్లో అచ్చయి, కింద సర్కారు ముద్రతో బయటికొచ్చేది. ఎర్రదీపం వెలిగిందా, పిల్ల ఒళ్లు పెనంలా కాలుతున్నా సరే, జ్వరం లేనట్టే. ఆలుమగల కొట్లాటకు ముద్ర, గట్టు పంచాయితీకి ముద్ర, నిన్ను ప్రేమిస్తున్నానన్న మాటకూ ముద్ర. ముద్ర పడని మాటను మాట కింద జమకట్టడం జనం మానేసి ఇరవై ఏళ్లు దాటింది. ఎదురుపడితే "బాగున్నవా" అన్నాక రెండో మాట "ముద్రున్నదా" అనేదే.

ఆ పెట్టెకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు వాక్శోధని. జనం పెట్టిన పేరు ఒప్పులకుప్ప. ఒప్పు అంటే సరైనది. ఒప్పు అంటే ఒప్పుకోవడం కూడా. ఈ రెండూ ఒకటేనని దేశం మొత్తాన్ని నమ్మించిన యంత్రానికి అంతకంటే తగిన పేరు ఎవడు పెట్టగలడు?

అది చేసేది రెండే పనులు. మనిషి మాట్లాడబోయే ముందు, గొంతు కదలడానికి అర సెకను ముందే, తాను చెప్పబోయేదాన్ని తాను నమ్ముతున్నాడా లేదా అన్నది మెదడులో ఒక అలగా లేస్తుంది. విశ్వాస తరంగం, బిలీఫ్ వేవ్ అన్నారు దాన్ని. టోపీలోని సెన్సర్లు ఆ అలను పట్టుకుని దీపం వెలిగిస్తాయి. ఇది మొదటి పని. రెండోది, ఆ మాటను కోర్టుకు పనికొచ్చే శుభ్రమైన తెలుగులోకి మార్చడం. ఈ పని చేసే భాగం సాఫుపొర, నార్మలైజేషన్ లేయర్. బొగ్గుగని కాలనీలో పుట్టిన మాటైనా, అడవి అంచున పుట్టిన మాటైనా, సాఫుపొరలో పడిందంటే గంజిపెట్టి ఇస్త్రీ చేసిన చొక్కాలా బయటికొస్తుంది. మొదటి పని మీద వంద పుస్తకాలు వచ్చాయి. రెండో పనిని ఒక్కడూ పట్టించుకోలేదు. బట్ట తెల్లగా వస్తే చాలు, రేవులో ఏం కొట్టుకుపోయిందో ఎవడికి కావాలి?

పట్టించుకున్నది రేణికుంట్ల తార ఒక్కతే. గోదావరిఖనిలోని న్యాయ మనోవిజ్ఞాన పీఠంలో ఆమె పరిశోధక విద్యార్థిని. వయసు ఇరవై అయిదు. నేరం చేసినవాడి మనసు, చూసినవాడి జ్ఞాపకం, ఒప్పుకున్నవాడి వెనకున్న భయం, వీటిని చదివే శాస్త్రం ఆమెది. ఒప్పుకోలు మాటల్లో నోటివాటాలు, అంటే యాస పలుకులు, అనే అంశాన్ని ఆమెకు ఇచ్చింది గైడు, ప్రొఫెసర్ నందగిరి దివాకర్. ఎవరికీ దెబ్బ తగలని అంశం కదా అని ఇచ్చాడు. ముప్పై ఏళ్ల కింద సాఫుపొరను తయారుచేసింది ఆయనే.

తార అచ్చు చదివి ఊరుకోలేదు. అసలు గొంతులు కావాలంది. ఒలిచిన పండు చేతిలో పెడితే తొక్క అడుగుతావేందమ్మా అని రికార్డుల గది గుమస్తా ఎగతాళి చేశాడు. యంత్రం వచ్చినప్పటినుంచీ ఆ గొంతులు అడిగినవాళ్లు లేరు మరి. తార నాలుగు వందల పన్నెండు మంది ఖైదీల గొంతులు వింది. నూట ఏడోది నల్లాల ఓదమ్మ గొంతు.

ఓదమ్మ సౌరఫలకాలు తుడిచే కూలి. ఒకప్పుడు బొగ్గు కోసం తవ్విపోసిన మట్టిగుట్టల నిండా ఇప్పుడు ఫలకాలే. 2078 మే నెలలో ఒక మిట్టమధ్యాహ్నం, సూపర్‌వైజర్ గుర్రాల సంపత్ గుట్టమీది ఇనుప నడవనుంచి నలభై అడుగుల కింద పడి చచ్చిపోయాడు. అదే నడవ మీద ఓదమ్మ వడదెబ్బ తగిలి తెలివితప్పి పడి ఉంది. నడవ పక్కన అడ్డుగా ఉండాల్సిన కటకటా విరిగి వేలాడుతోంది. కంపెనీ వారం తిరక్కముందే కొత్త కటకటా బిగించేసింది. విచారణ ఆ తర్వాత తీరిగ్గా వచ్చింది. దవాఖానా మంచం మీదే ఓదమ్మకు టోపీ పెట్టారు.

అచ్చులో ఇలా ఉంది: "ఎండకు నాకు కళ్లు తిరిగాయి. నేనే అతన్ని కుడిచేత్తో తోశాను."

గొంతు ఇలా ఉంది: "నాకేం యాదికి లేదు సారూ. ఎండకు కండ్లు తిరిగినయ్. దవాఖానల లేసేసరికి అందరు అన్నరు. నేనే నూకిన్నంట." కుడిచేత్తోనేనా అని పోలీసు అడిగితే, "గట్లనే అంటున్నరు గదా" అంది.

అంట అంటే ఏమిటో తెలుగువాడికి చెప్పాల్సిన పనిలేదు. నేను చూడలేదు, నాకు తెలియదు, లోకం అంటోంది, అని ఆ చిన్న తోక ఊపి మనిషి పక్కకు తప్పుకుంటాడు. ఓదమ్మ తన సంగతే తాను అంట అని చెప్పింది. లోకం అలా అంటోందన్నది ఆమె నిజంగానే నమ్మింది. పచ్చదీపం వెలిగింది. దీపం వెలిగాక సాఫుపొర తోక కోసేసింది. ముద్ర మిగిలిన ముక్క మీద పడింది. "యాదికి లేదు" అన్నది కూడా నీళ్లు నమలడం కిందికే వస్తుందని పొరకు నేర్పి ఉన్నారు కాబట్టి అదీ పోయింది. ఓదమ్మకు యావజ్జీవం పడింది.

నాలుగు వందల పన్నెండు గొంతుల్లో తొంభై ఆరింటికి అంట ఉంది. ఒక్క అచ్చులోనూ లేదు.

ఊరికే చూపిస్తే నమ్మరని తార ఇంకో పని చేసింది. పెట్టెకు మూడో దీపం కట్టింది. నీలిది. మనిషి తాను చేసిన పనిని చెప్పేటప్పుడు, ఆ పని చేసిన చెయ్యీ నడిచిన కాలూ మెదడులో ఓ క్షణం మళ్లీ కదులుతాయి. విన్న సంగతి చెప్పేటప్పుడు కదలవు. ఆ కదలికను స్మృతిజాడ, మెమరీ ట్రేస్ అంటారు. అది ఉంటే నీలిదీపం వెలుగుతుంది, లేకపోతే ఆరి ఉంటుంది. ఊరికే విన్నవాళ్లకు వెలగకూడదు కదా, ఆ కొలతకు తార తననే వాడుకుంది. ఓదమ్మ అచ్చులోని వాక్యాన్ని రోజూ పొద్దున టోపీ పెట్టుకుని నలభైసార్లు పైకి చదివేది. మూడేళ్లు అదే ఆమె సుప్రభాతం.

అన్నీ సిద్ధమయ్యేసరికి ఓదమ్మ కేసుకు మిగిలింది పదకొండు రోజులు. చట్టం ప్రకారం ఆరేళ్లు నిండిన కేసుల్లో గొంతు చెరిపేస్తారు. అచ్చొక్కటే మిగులుతుంది. ఆ తర్వాత ఓదమ్మ అంట అన్నదని చెప్పినా, తార మాటకే ముద్ర ఉండదు.

దివాకర్ ఆ కాగితాలన్నీ చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నీ పనితనం బాగుంది, నీ పొగరు బాగాలేదు అన్నాడు. అంట అనేది మాటే కాదన్నాడు, నోటి తుంపర అన్నాడు. దాన్ని ఉంచితే రేపటినుంచి ప్రతి హంతకుడూ ప్రతి వాక్యానికీ ఒక అంట తగిలించుకుని ఇంటికి పోతాడన్నాడు. ఆ మాటలో కొంత పస ఉందని తారకూ తెలుసు. అందుకే మూడో దీపం కట్టానంది.

"ఆ తుంపరను కోసెయ్యమని మీకెవరు చెప్పారు సార్?" అని అడిగింది.

"ఒకరు చెప్పేదేముంది? నాదీ ఈ పక్క ఊరే తారా. పట్నంలో మొదటి రోజు నేను లేచి 'మా బాపు ఫీజు పంపిండంట' అంటే క్లాసంతా పడిపడి నవ్వింది. దాన్ని నా నోట్లోంచి పీకేసుకోవడానికి నాకు మూడేళ్లు పట్టింది. యంత్రానికి మూడు నెలలే పట్టింది."

"మీ క్లాసు నవ్విందని తొంభై ఆరు మంది జైల్లో కూసున్నరా?"

"చూడు, కోపం రాగానే నీ భాష ఎట్లా జారిందో" అన్నాడాయన, నవ్వుతూ.

తార కాగితాలు తీసుకుని లేచింది. గొంతు చెరిపేలోగా మళ్లీ పరీక్ష జరపకపోతే, వైవా రోజు పత్రికలవాళ్ల ముందు తొంభై ఆరు గొంతులూ వినిపిస్తానంది. నీ డిగ్రీ పోతుందని ఆయన గుర్తుచేశాడు. పోనీమంది. చివరికి పీఠం పునఃపరీక్షకు ఒప్పుకుంది. ఓదమ్మ మీద జాలితో కాదు. మూడో దీపం మీద ఆశతో.

ఓదమ్మను చూడ్డానికి తార దిద్దుబాటు కేంద్రానికి వెళ్లింది. ఇనుప బల్లకు అటువైపు యాభై ఏళ్ల మనిషి, ఎండిన చింతబరిగెలాంటి మనిషి, కూర్చుని ఎడమచేత్తో మెడ గోక్కుంటోంది. తార ఎంతో సంబరంగా అంతా చెప్పింది. అంట సంగతి, దీపం సంగతి, పరీక్ష సంగతి. ఓదమ్మ మొహంలో ఒక్క గీత కూడా కదల్లేదు. పరీక్ష గదిలో ఆ రోజు దవాఖానాలో చెప్పినట్టే చెబితే చాలు, బయటికొచ్చేస్తావు ఓదక్కా, అంది తార.

"మూడేండ్లు నా గొంతు ఇన్నవా?"

"విన్న అక్కా."

"మూడేండ్లు ఇననికే పట్టిందా. నన్ను సూడనికి ఇయ్యాల తీరిందా?"

ఓదమ్మ ఆగలేదు. నా గొంతు మీద నీకు పట్టా అస్తది, నాకేమస్తది అంది. ఈడ పొద్దున లేస్తే పశ్చాత్తాప తరగతి ఉంటది, అచ్చు చేతుల పట్టుకుని అందరి ముందట చదవాలె, నోరు తిరగకపోతే మళ్ల చదవాలె, ఏడుపు రాకపోతే మళ్ల చదవాలె అంది. చదివి చదివి నిన్నమొన్ననే మంచి ఖైదీననిపించుకున్న, ఇప్పుడు నువ్వొచ్చి నేను కట్టుకున్న గోడ కూలగొడతనంటున్నవ్ అంది. లేచి వెళ్లిపోతూ, పరీక్షకు వస్తాలే అని మాత్రం అంది, అది కూడా గోడకు చెబుతున్నట్టు.

ఈ కోపం చూసి తార మురిసిపోయింది. ఇంత పౌరుషమున్న మనిషి అబద్ధానికి తలొంచదనుకుంది. మనసును చదివే శాస్త్రంలో మూడేళ్లు మునిగిన పిల్ల, మనిషి చెప్పిన మాటల్లో అసలు మాటను వదిలేసి కోపాన్ని మాత్రం చెవికెక్కించుకుంది. రోజూ చదవాలె అన్నది ఆమె చెవిన పడింది. బుర్రకెక్కలేదు.

పరీక్ష గదిలో ముగ్గురు పెద్దలు కూర్చున్నారు. మాజీ జడ్జి ఉమాపతి మధ్యలో, దివాకర్ ఒక పక్క, మనస్తత్వ శాఖ అధికారి ఒకాయన ఇంకో పక్క. సాఫుపొరను ఆపేశారు. అంట అంటే అంట అనే అచ్చవుతుంది. ఓదమ్మకు టోపీ పెట్టారు. ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో నీ మాటల్లోనే చెప్పమ్మా అన్నాడు ఉమాపతి.

ఓదమ్మ గొంతు సవరించుకుంది.

"ఎండకు కండ్లు తిరిగినయ్. నేనే నూకిన. కుడిచేత్తోని."

పచ్చదీపం వెలిగింది. దాని పక్కనే నీలిదీపం కూడా వెలిగింది, మిణుకుమనకుండా, నిండుగా.

తార కుర్చీలోంచి లేచి నిలబడింది. ఓదక్కా, నీకు యాదికి లేదని చెప్పినవు గదా, అందరు అన్నరని చెప్పినవు గదా, అంది. ఓదమ్మ ఆమెవైపు నిజమైన అసహ్యంతో చూసింది. యాదికి లేకుంటుండె, ఇప్పుడున్నది, వాని అంగీ తడి నా అరచేతికి ఇంకా తెలుస్తున్నది, అంది. అన్నంతసేపూ ఆ కుడిచెయ్యి ఒళ్లో ఊరికే పడి ఉంది. గాల్లో ఆడింది ఎడమచెయ్యి. ఈమె ఎడమచేతివాటం మనిషి, చూడండి అని తార అరిచింది. ఉమాపతి ఆమెను కూర్చోమన్నాడు. చెయ్యి ఏదైనా ప్రాణం పోయింది కదా అన్నాడు. దివాకర్ నీలిదీపాన్నే చూస్తున్నాడు, పుట్టిన మనవణ్ని చూసినట్టు.

ఆయన బయటికొచ్చి తార భుజం తట్టాడు. "నా పొర తప్పు చేసి ఉండొచ్చు. కానీ నిజాన్నే అచ్చేసింది. నీ దీపమే చెప్పింది ఆ మాట."

తార ల్యాబుకొచ్చి తలుపు మూసుకుంది. మూడేళ్ల తన సొంత కొలతలు ముందేసుకుంది. రోజుకు నలభైసార్లు చదివిన వాక్యం, నలభై దీపాలు. మొదటి ఏడాది అన్నీ ఎర్రవే. న్యాయమే కదా, సంపత్‌ను తోసింది తార కాదు. నీలి ఒక్కటీ లేదు. రెండో ఏడాది ఎరుపు కొంచెం పలచబడింది. మూడో ఏడాది మధ్యలో ఒక రోజు నలభైలో పదకొండు పచ్చ, రెండు నీలి. ఆ రోజు పక్కన తార చేతిరాత ఉంది: సెన్సర్ అరుగుదల, లెక్క సరిచేశాను. మర్నాడు కూడా సరిచేసింది. ఆ తర్వాత రోజూ సరిచేసింది. పోయిన నెల నలభైకి ముప్పై ఎనిమిది పచ్చ, ముప్పై ఆరు నీలి. అన్నిటి పక్కనా అదే మాట.

దివాకర్ కోసింది అంట అన్న రెండక్షరాలు. తార కోసింది తన మీద తనకు కనబడిన నిజాన్ని, రోజూ, శుభ్రమైన చేతిరాతతో. ఇద్దరిదీ ఒకటే జబ్బు. తనకు సరిపడని దానికి మురికి అని పేరు పెట్టి కడిగేయడం.

చెయ్యి చేసిన పనికీ నోరు చేసిన పనికీ మెదడుకు తేడా తెలియదు. ఎన్నిసార్లు చేశావన్నది మాత్రం తెలుసు. వెయ్యిసార్లు అన్నదాన్ని అది ఒళ్లంతా పాకించుకుంటుంది. ఓదమ్మ ఆరేళ్లు చదివింది. తార మూడేళ్లు చదివింది. ఇదే మాట నేరుగా కమిటీకి చెప్పొచ్చు. కానీ మాట ఎవడు వింటాడు, ముద్ర లేనిదే?

అప్పుడు తారకు చట్టంలోని తొమ్మిదో నిబంధన తట్టింది. ఒక నేరానికి ఒకే ముద్ర. కొత్త ముద్ర పడిన క్షణాన పాతది చెల్లదు. దొంగ ఒకడైతే ముద్రలు నాలుగు తిరగకూడదని పెట్టుకున్న నిబంధన అది. కుర్చీలో తాను కూర్చుని తానే తోశానంటే, దీపాలు వెలిగితే, ఆ యంత్రం అందరి ముందూ నవ్వులపాలవుతుంది. నవ్వులపాలు కాకపోయినా ఓదమ్మ ముద్ర చస్తుంది. కత్తికి రెండువైపులా పదునుందని తార సంతోషించింది. పిడి లేదన్న సంగతి చూసుకోలేదు.

గొంతు చెరిపే రోజుకు రెండు రోజుల ముందు, ఉదయం పదకొండింటికి, కమిటీ మళ్లీ కూర్చుంది. పరిశోధనలో ఇంకో ప్రదర్శన మిగిలిందని తార రాసిచ్చింది కాబట్టి కూర్చుంది. ఓదమ్మను కూడా రప్పించమని అడిగింది తారే. ఓదమ్మ గోడవారన ఇద్దరు జవాన్ల మధ్య నిలబడి, ఈ పిల్ల ఇంకేం తెస్తుందో అన్నట్టు చూస్తోంది.

తార టోపీ పెట్టుకుంది.

"నేనే అతన్ని కుడిచేత్తో తోశాను" అంది.

పచ్చ వెలిగింది. నీలి వెలిగింది.

తార అంతా వివరించింది. తాను గుర్రాల సంపత్‌ను ఎప్పుడూ చూడలేదని, అతను చచ్చిపోయిన మధ్యాహ్నం తన వయసు పందొమ్మిదని, వరంగల్‌లో డిగ్రీ పరీక్ష రాస్తున్నానని, హాజరుపట్టీ ఇదిగో అని బల్ల మీద పెట్టింది. చదివి చదివి నా ఒళ్లు దీన్ని నమ్మింది, ఈమె ఒళ్లూ అట్లాగే నమ్మింది, మీరు జైల్లో రోజూ చదివిస్తున్నది పశ్చాత్తాపం కాదు, నేరం, అంది. ఇంతకంటే సాఫుగా నాకు చెప్పడం రాదు అంది.

ఉమాపతి హాజరుపట్టీని వేలికొసతో తిప్పి చూశాడు. ఇది మనిషి చేత్తో రాసింది కదా అన్నాడు. సరే, పరీక్ష రాశానన్న మాట టోపీ తియ్యకుండా చెప్పమన్నాడు.

"ఆ మధ్యాహ్నం నేను వరంగల్‌లో పరీక్ష రాస్తున్నాను" అంది తార.

పచ్చ వెలిగింది. నీలి వెలగలేదు.

తార మళ్లీ చెప్పింది. వెలగలేదు. హాలు ఎట్లా ఉందో, పక్కన ఎవరు కూర్చున్నారో తలచుకోబోయింది. ఆరేళ్ల కిందటి సంగతి. ఒక్కసారి జరిగింది, ఆ తర్వాత ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. కిటికీ ఉందా లేదా కూడా తేలలేదు. పరీక్ష రాశానని ఆమె నమ్ముతోంది. అంతే. రాసిన చెయ్యి మాత్రం దొరకలేదు.

"వరంగల్‌లో పరీక్ష రాసిందంట" అన్నాడు శాఖ అధికారి, దివాకర్ వైపు తిరిగి. ఇద్దరూ నవ్వుకున్నారు.

కమిటీ ఇరవై నిమిషాలు లోపల మాట్లాడుకుంది. యంత్రం తప్పంటే ఇరవై ఏళ్ల తీర్పులు తప్పు. పెళ్లిళ్లు తప్పు, పొలంగట్లు తప్పు, వాళ్ల ముగ్గురి ఉద్యోగాలూ తప్పు. ఒక పరిశోధక విద్యార్థిని హంతకురాలంటే ఒక్క విద్యార్థిని తప్పు. ఏది తేలికో చెప్పడానికి యంత్రం అక్కర్లేదు. ఉమాపతి వచ్చి కూర్చుని తీర్పు చదివాడు. తొమ్మిదో నిబంధన కింద నల్లాల ఓదమ్మ ముద్ర రద్దయింది, ఆమెను విడుదల చేయాలి. రేణికుంట్ల తారను అదుపులోకి తీసుకోవాలి. నిందితురాలు ఈ కేసు మీదే మూడేళ్లు పరిశోధన చేయడం ఆమె అపరాధభావానికి నిదర్శనం అని ఒక వాక్యం కూడా కలిపాడు. ఆ వాక్యం దివాకర్ రాసిచ్చింది. న్యాయ మనస్తత్వశాస్త్రంలో దానికో పేరు కూడా ఉందట.

జవాన్లు ఓదమ్మను వదిలేసి తార రెక్కలు పట్టుకున్నారు. ఓదమ్మ గోడ దగ్గరనుంచి కదిలింది. గేటువైపు కాదు. తార ముందుకొచ్చి నిలబడింది.

"నేను జేసిన పనికి నువ్వెట్ల పోతవే?"

"నువ్వు చెయ్యలేదు ఓదక్కా. నువ్వు ఇంటికి పో."

"నూకింది నేను. ఆరేండ్లు ఏడ్సింది నేను. నా కూలి గుంజుకున్నరు, నా గొంతు గుంజుకున్నరు, ఇగ నా పాపం గూడ గుంజుకుంటరా మీ సదువుకున్నోళ్లు?"

ఆమె పెద్దల బల్ల దగ్గరికి పోయి, నూకింది నేనే, రాసుకోండ్రి అంది. గుమస్తా తలెత్తకుండా రాసుకున్నాడు. ముద్ర రద్దయిన మనిషి మాట కాబట్టి దాని చివర, అలాంటి మాటను విన్నమాటగానే రాయాలన్న నిబంధన ప్రకారం, తన చేత్తోనే కలిపాడు: "...నంట." ఓదమ్మను భుజం పట్టి గేటు బయట వదిలి తలుపేశారు. ఆమె చాలాసేపు ఆ తలుపు బాదింది.

తార నీలిదీపాన్ని ఆ వానాకాలానికల్లా దేశంలోని పెట్టెలన్నిటికీ కట్టారు. దానికి దివాకర్ దీపం అని పేరు. ఆయన మేలు మరిచే మనిషి కాదు, తారకు డాక్టరేటు ఇప్పించాడు. పట్టా దిద్దుబాటు కేంద్రం చిరునామాకే వచ్చింది. మిగిలిన తొంభై అయిదు గొంతులనూ గడువు రాకముందే చెరిపేశారు, చోటు చాలడం లేదని.

తార మొదటి నెల పశ్చాత్తాప తరగతిలో నోరు విప్పలేదు. అన్నం ఆపారు. రెండో నెల గొణిగింది. మళ్లీ చదివించారు. ఇది ఒట్టి కాగితం, ఇది నా ఒంటిమీది అలవాటు, ఇది నిజం కాదు అని లోపల అనుకుంటూ చదివేది. పోనుపోను వాక్యం పొడుగ్గానూ లోపలి మాట పొట్టిగానూ అయ్యాయి. అయిదో నెలలో ఒక పొద్దున టీచరమ్మ ఆమెను ముందుకు పిలిచి, అచ్చు పక్కన పెట్టి నీ అంతట నువ్వే చెప్పు అంది.

తార చెప్పింది. ఎండ సంగతి చెప్పింది, నడవ సంగతి చెప్పింది, చెయ్యి సంగతి చెప్పింది. చెప్పి ఆగింది. ఏదో వినబడినట్టు తల కొంచెం పక్కకు వంచింది.

"పడిపోయేముందు నన్ను పేరు పెట్టి పిలిచాడు" అంది.

టీచరమ్మ అచ్చు తిరగేసి చూసింది. అందులో ఆ ముక్క ఎక్కడా లేదు. ఆరేళ్ల ఫైళ్లలోనూ లేదు. ఆమె కళ్లు మెరిశాయి. గబగబా కొత్త కాగితం తీసి, ఏమని పిలిచాడమ్మా, మెల్లగా గుర్తు తెచ్చుకో, అంది.

తార కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకుంది.